కంగారులో మొదటి మాట: టీమ్‌ను నడిపేవాళ్ళు ఒత్తిడిలో నిలకడగా ఉండటం ఎలా

కొత్తగా టీమ్ లీడ్ అయినవాళ్ళు, సూపర్‌వైజర్లు, ఉన్నట్టుండి ఒక విభాగం బాధ్యత మీద పడ్డవాళ్ళు నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటే. "మామూలప్పుడు బాగానే ఉంటానండీ. ఏదైనా తలకిందులైతే మాత్రం గొంతు లేచిపోతుంది. తర్వాత ఇంటికెళ్ళి బాధపడతాను. ఏం చేయాలి?" విడివిడిగా చాలామందికి చెప్పాను. ఇప్పుడు అంతా ఒక్కచోట రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. నిలకడగా ఉండటమంటే లోపల ఏ అలజడీ లేకపోవడం అనుకుంటారు చాలామంది. ఆ అలజడి ఎవరికైనా ఉంటుంది. గుండె దడదడలాడుతుంది, అరచేతులు తడుస్తాయి. ఉండనివ్వండి. ఆ క్షణంలో మీ నోట వచ్చే మొదటి మాట, ఆ తర్వాత పది నిమిషాల్లో మీరు చేసే నాలుగైదు పనులు మీ అదుపులో ఉంటే చాలు. ఈ పద్ధతంతా ఆ పది నిమిషాల గురించే.

ఇది నాకు ఎలా తెలిసిందో చెబుతాను. నేను ఒక సంస్థలో జీతాల విభాగం చూసే రోజులు. నెలాఖరు సాయంత్రం. చేరి ఏడాది కూడా కాని కుర్రాడు నా టేబుల్ దగ్గరికి వచ్చాడు. తెరిచిన ల్యాప్‌టాప్‌ను ఎడమ చేతి మీద పళ్ళెంలా పట్టుకున్నాడు, చార్జర్ తీగ నేల మీద ఈడ్చుకుంటూ వస్తోంది. "సార్, జీతాల ఫైలు రెండోసారి కూడా అప్‌లోడ్ చేసేసినట్టున్నాను" అన్నాడు. నేను తెర వైపు చూడలేదు. అతని ముఖంలోకి చూసి, "నిన్ను నమ్మి అప్పజెప్పాను చూడు, నాకు బుద్ధి లేదు" అన్నాను, హాలంతా వినబడేలా. అతను ల్యాప్‌టాప్ మూసేశాడు.

మూసేసిన ఆ తెర మీద ఏముందో మాకు రాత్రికి గానీ తెలియలేదు. రెండో ఫైలు అప్పటికింకా బ్యాంకుకు వెళ్ళలేదు. ఆమోదం కోసం ఆగి ఉంది. రద్దు చేయడానికి ఒక్క బటన్ చాలు. నేను కేకలేస్తున్న ఆ పావుగంటలో, ఆమోదించే ఉద్యోగి రోజూలాగే వరసలో ఉన్న ఫైళ్ళన్నిటికీ ఆమోదం ఇచ్చేశారు. జీతాలు రెండుసార్లు పడ్డాయి. అవి వెనక్కి రాబట్టడానికి మూడు వారాలు పట్టింది. అప్‌లోడ్‌లో తప్పు ఆ కుర్రాడిది. డబ్బు వెళ్ళిపోవడానికి కారణం మాత్రం నా మొదటి మాట. "ఏదీ, చూపించు" అని ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

కావలసినవి

- జేబులో పట్టే చిన్న నోట్‌బుక్, పెన్ను. ఫోన్‌లో రాసుకోవడం వద్దు. ఫోన్ తెరిస్తే మెసేజ్‌లు మిమ్మల్ని అటు లాక్కుపోతాయి.
- పోస్ట్‌కార్డంత అట్టముక్క ఒకటి.
- కంఠతా వచ్చిన ఒక వాక్యం (రెండో మెట్టులో తయారుచేద్దాం).
- మీరు లేకపోతే పగ్గాలు అందుకోగల మనిషి. ఈ విషయం ఆ మనిషితో ముందే మాట్లాడి ఉండాలి.
- మొహమాటం లేకుండా మీకు నిజం చెప్పే సహోద్యోగి ఒకరు.
- రోజుకు ఐదు నిమిషాలు, నాలుగు వారాల పాటు.

సిద్ధాంతం రెండు ముక్కల్లో చెప్పేస్తాను. ప్రమాదం అనిపించగానే శరీరం పోరాడటానికో పారిపోవడానికో సిద్ధమవుతుంది. అడ్రినలిన్ పెరుగుతుంది, గుండె వేగం అందుకుంటుంది, చూపు ఒక్కచోటికే కుంచించుకుపోతుంది. పులి ఎదురైతే ఇది ప్రాణం కాపాడుతుంది. ఎదురుగా ఉన్నది ఒక తప్పు ఫైలో, ఆగిపోయిన మెషీనో, ఫోన్‌లో మండిపడుతున్న క్లయింటో అయితే, ఆ కుంచించుకుపోయిన చూపుకు మనిషి కనబడతాడు, తెర కనబడదు. నాకు జరిగింది సరిగ్గా అదే.

మెట్టు 1: మీ గుర్తు పట్టుకోండి

ఒత్తిడి ప్రతి మనిషిలోనూ ఒక దారిన బయటికి వస్తుంది. ఒకరికి మెడ వెనక వేడెక్కుతుంది. ఒకరికి మాట వేగం పెరుగుతుంది. ఒకరు నవ్వేస్తారు. ఒకరు కీబోర్డు లాక్కుని "జరుగు, నేను చేస్తాను" అంటారు. నాకైతే కుడి చేతి వేళ్ళు పెన్ను మూతను తీసి పెట్టడం మొదలుపెడతాయి.

వారం రోజుల పాటు, చికాకు కలిగిన ప్రతిసారీ శరీరంలో మొదట ఏం జరిగిందో నోట్‌బుక్‌లో ఒక్క పంక్తి రాయండి. "ఉదయం 11, ఫోన్ కాల్, దవడ బిగుసుకుంది." అంతే. వారం తిరిగేసరికి ఒకటో రెండో గుర్తులు మళ్ళీ మళ్ళీ కనబడతాయి. అవే మీ గంట. ఆ గంట మోగగానే లోపల పేరు పెట్టి చెప్పుకోండి: "దవడ బిగిసింది, ఇది భయం." భావానికి ఇలా పేరు పెడితే దాని ఉధృతి తగ్గుతుందని 2007లో మెదడు స్కానింగులతో చేసిన ఒక అధ్యయనం చూపించింది. పేరు పెట్టడానికి రెండు సెకన్లు కూడా పట్టదు.

ఎక్కువమందిలో కోపంగా బయటపడేది నిజానికి భయమే: పైవాళ్ళకు ఏం చెప్పాలన్న భయం, పేరు పోతుందన్న భయం. కోపం అని రాసుకున్నచోట ఒకసారి ఆగి, కింద భయం ఉందేమో చూడండి.

మీ గుర్తు మీకే దొరకకపోతే, నిజం చెప్పే ఆ సహోద్యోగిని అడగండి. "నాకు కంగారు మొదలైందని మీకు ఎలా తెలుస్తుంది?" అని. వాళ్ళకు ఎప్పుడో తెలుసు.

మెట్టు 2: మొదటి వాక్యాన్ని ముందే తయారుచేసుకోండి

ఈ వ్యాసంలో ఒక్క మెట్టే పాటించే ఓపిక ఉంటే, ఇదే పాటించండి.

తల వేడెక్కినప్పుడు కొత్త వాక్యం పుట్టదు. అలవాటైన వాక్యమే వస్తుంది. చాలామందికి అలవాటైనవి "ఎవరు చేశారిది?", "ఎన్నిసార్లు చెప్పాలి?", "ఇప్పుడా చెప్పేది?" ఈ మూడూ అడిగేది మనిషిని. మీకు కావలసింది సంగతి. కాబట్టి ఆ చోటులో ఇంకో వాక్యాన్ని కూర్చోబెట్టాలి. నేను వాడేది ఇది:

"చెప్పి మంచి పని చేశావు. ఏదీ, చూపించు."

మొదటి సగం ఆ మనిషి నోరు మూతపడకుండా చూస్తుంది. రెండో సగం మీ కళ్ళను తెర మీదికి తిప్పుతుంది. మీకంటే పెద్దవారైతే, లేదా మీరు అందరినీ మన్నిస్తూ మాట్లాడేవారైతే, "చెప్పినందుకు మంచిదైంది, ఒకసారి చూపిస్తారా?" అనండి. ఫోన్ మీదైతే "సరే, మీ ముందు ఇప్పుడు ఏం కనబడుతోందో చదివి వినిపించండి" అనండి. గ్రూప్‌లో మెసేజ్‌గా వస్తే "చూశాను. రెండు నిమిషాల్లో కాల్ చేస్తున్నాను" అని రాయండి, నిజంగా రెండు నిమిషాల్లో కాల్ చేయండి.

మీ వాక్యం మీ నోటికి తిరిగేలా ఉండాలి. నా వాక్యం మీకు కృత్రిమంగా అనిపిస్తే మార్చుకోండి. మూడు షరతులు మాత్రం చూసుకోండి: చిన్నదిగా ఉండాలి, అందులో "ఎందుకు", "ఎవరు" ఉండకూడదు, చివర ఎదుటివాళ్ళు చేయగల పని ఒకటి ఉండాలి.

అట్టముక్క మీద రాసి మానిటర్ అంచున పెట్టుకోండి. రోజూ ఉదయం ఒకసారి బయటికి చదవండి. ఇంతటితో రాదు. చిన్న విషయాల మీద సాధన చేయాలి. టీ ఒలికింది, మీటింగ్ రూమ్ దొరకలేదు, ఎవరో ఆలస్యంగా వచ్చారు: ఇలాంటివాటికి కూడా అదే వాక్యాన్ని వాడండి. చిన్నవాటికి వాడనివాళ్ళకు పెద్ద దెబ్బ తగిలినప్పుడు అది నోటికి రాదు.

హెచ్చరిక: ఆ వాక్యం అనేసి, ముఖం మాడ్చుకుని, కుర్చీని విసురుగా వెనక్కి నెడితే ప్రయోజనం లేదు. మాటకన్నా ముందు కుర్చీ చప్పుడే వినబడుతుంది.

మెట్టు 3: మూడు ఊపిరులు, ఎవరికీ కనబడకుండా

వాళ్ళు చూపించడానికి తెర తిప్పే సమయంలో, లేదా మీరు లేచి వాళ్ళ టేబుల్ దాకా నడిచే సమయంలో ఇది చేయండి.

ముక్కుతో ఊపిరి పీల్చండి. పైన ఇంకో చిన్న గుక్క పీల్చండి. ఇప్పుడు నోటితో మెల్లగా, పీల్చినదానికి రెట్టింపు సమయం పట్టేలా వదలండి. మూడుసార్లు చాలు. వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కొంచెం తగ్గుతుంది. అందుకే వదిలే భాగం పొడవుగా ఉండాలి. రోజూ ఐదు నిమిషాలు, నెల రోజుల పాటు ఇలా చేసినవాళ్ళలో మనసు స్థితి మెరుగుపడిందని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు 2023లో ప్రచురించారు. కావలసినవాటిలో రోజుకు ఐదు నిమిషాలు రాసింది దీనికోసమే. ఉదయం ఐదు నిమిషాల సాధన ఉంటే, అవసరానికి మూడు ఊపిరులు పనిచేస్తాయి.

ఊపిరి బిగపట్టకండి, గట్టిగా వేగంగా పీల్చకండి. తల తిరిగితే ఆపేసి మామూలుగా పీల్చండి. అందరూ మీవైపే చూస్తున్నారు, ఇది కుదరదు అనిపిస్తే ఇంకో దారి: రెండు పాదాలూ నేలకు పూర్తిగా ఆనించి, ఎదుటివాళ్ళు చెప్పేది నోట్‌బుక్‌లో రాయడం మొదలుపెట్టండి. చేయి రాస్తుంటే నోరు తొందరపడదు.

మెట్టు 4: మూడు గడులు గీయండి

నోట్‌బుక్‌లో ఒక పేజీని నిలువుగా మూడు భాగాలు చేయండి. పైన ఇలా రాయండి: తెలిసింది. తెలియనిది. ఇప్పుడు చేసేది.

మొదటి గడిలో కంటితో చూసినవే రాయాలి. "సర్వర్ పడిపోయింది" అని ఎవరో అన్నారనుకోండి, అది తెలిసింది కాదు. "10:40 నుంచి లాగిన్ పేజీ తెరుచుకోవడం లేదు, మూడు కంప్యూటర్లలో చూశాం" అన్నది తెలిసింది. సర్వరే పడిపోయిందా, నెట్‌వర్క్ పోయిందా అన్నది రెండో గడిలోకి వెళ్తుంది. నా జీతాల కథలో ఈ పేజీ గీసి ఉంటే, "రెండో ఫైలు బ్యాంకుకు వెళ్ళిందా?" అన్న ప్రశ్న రెండో గడిలో కళ్ళకు కట్టినట్టు ఉండేది.

1970 ఏప్రిల్ 13న అపోలో 13 అంతరిక్ష నౌకలో ఆక్సిజన్ ట్యాంకు పేలినప్పుడు, భూమి మీద కంట్రోల్ గదిని నడుపుతున్న జీన్ క్రాంజ్ తన వాళ్ళతో అన్నది కూడా ఇదే: సమస్యను పరిష్కరిద్దాం, ఊహలతో దాన్ని ఇంకా పెద్దది చేయొద్దు. అప్పటికి వాళ్ళ ముందున్న మీటర్లు చూపిస్తున్న అంకెలు నమ్మశక్యంగా లేవు. ఏది నిజం, ఏది మీటర్ లోపం అని విడదీసుకోవడంతోనే వాళ్ళ పని మొదలైంది.

మూడో గడిలో ఒకటి లేదా రెండు పనులే రాయండి. అందులో మొదటిది, వీలైతే, నష్టం పెరగకుండా ఆపేది అయి ఉండాలి. బాగుచేయడం తర్వాత. పైపు పగిలితే ముందు వాల్వు కట్టేస్తాం, ఆ తర్వాతే ఎక్కడ పగిలిందో వెతుకుతాం. ఆఫీసులో ఆ వాల్వు ఒక్కోసారి ఒక ఫోన్ కాల్: "ఐదు నిమిషాలు ఏ ఫైలుకూ ఆమోదం ఇవ్వకండి."

ఈ పేజీని పెద్ద కాగితం మీదో బోర్డు మీదో అందరికీ కనబడేలా రాస్తే ఇంకా మంచిది. నలుగురూ ఒకే చోటికి చూస్తారు, ఒకరి ముఖం ఒకరు చూసుకుని కంగారుపడటం తగ్గుతుంది. అందరూ వేర్వేరు చోట్ల నుంచి పనిచేస్తుంటే, అందరూ తెరవగలిగే ఒకే డాక్యుమెంట్‌లో రాయండి.

మెట్టు 5: పనులు పేరు పెట్టి పంచండి

"ఎవరైనా చూడండి" అంటే ఎవరూ చూడరు, లేదంటే ఐదుగురూ ఒకే చోట చేయి పెడతారు. ముగ్గురు చాలు: బాగుచేసేవారు ఒకరు, జరుగుతున్నది సమయంతో సహా రాసేవారు ఒకరు, బయటివాళ్ళతో మాట్లాడేవారు ఒకరు. టీమ్ చిన్నదైతే రాయడం, మాట్లాడటం మీరే చూసుకోండి. బాగుచేసే పనిలోకి మాత్రం దిగకండి. మీరు కీబోర్డు పట్టుకున్న నిమిషం నుంచి మొత్తం మీద కన్ను వేసే మనిషి ఉండడు.

2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజన్లూ శక్తి కోల్పోయిన విమానం సంగతి చాలామందికి తెలుసు. అప్పటిదాకా విమానం నడుపుతున్నది ఫస్ట్ ఆఫీసర్ (కో-పైలట్). కెప్టెన్ సలెన్‌బర్గర్, విమానం ఇక నా చేతిలో అని రెండే మాటల్లో చెప్పి అందుకున్నారు. ఫస్ట్ ఆఫీసర్ వెంటనే చెక్‌లిస్ట్ తీశారు. ఎవరి పని ఏమిటన్న దాని మీద వాదన లేదు. మూడున్నర నిమిషాల్లో విమానం హడ్సన్ నది మీద దిగింది, అందులోని 155 మందీ బతికారు. ఆ క్షణంలో కడుపులో కుప్పకూలినట్టు అనిపించిందని సలెన్‌బర్గరే తర్వాత ఇంటర్వ్యూలో చెప్పారు. అంత భయం లోపలుండగానే ఆ రెండు మాటలు స్పష్టంగా వచ్చాయంటే, వాటిని అంతకుముందు ఎన్నోసార్లు పలికి ఉండటం వల్లే.

పని చెప్పాక తిరిగి చెప్పించుకోండి. "నేను బ్యాంకుకు ఫోన్ చేసి ఫైలు ఆపమంటాను, పావుగంటలో మీకు చెబుతాను" అని వాళ్ళ నోటితో వినాలి. ఒత్తిడిలో సగం మాటలు చెవికి చేరవు. ఇది చిన్నబుచ్చడం అనుకునేవాళ్ళుంటారు. "నేను సరిగ్గా చెప్పానో లేదో చూసుకోవడానికి ఒకసారి చెప్పండి" అంటే ఎవరూ నొచ్చుకోరు.

మెట్టు 6: పైవాళ్ళకు ముందుగా మీరే చెప్పండి

ఆలస్యం చేసేకొద్దీ ఒత్తిడి రెట్టింపవుతుంది, ఎందుకంటే ఎప్పుడు ఫోన్ వస్తుందా అని సగం బుర్ర అక్కడే ఉంటుంది. మెట్టు 4లో రాసిన పేజీ చేతిలో ఉంటే చెప్పడం సులువు. నాలుగు వాక్యాలు: ఏం జరిగింది, ఏం తెలియదు, ఏం చేస్తున్నాం, మళ్ళీ ఎన్నింటికి చెబుతాను. ఉదాహరణకు: "సార్, జీతాల ఫైలు రెండుసార్లు అప్‌లోడ్ అయింది. రెండోది బ్యాంకుకు చేరిందో లేదో ఇంకా తేలలేదు. ఆమోదాలు ఆపించాం, బ్యాంకుతో మాట్లాడుతున్నాం. 6:30కి మళ్ళీ ఫోన్ చేస్తాను."

6:30కి కొత్త కబురేమీ లేకపోయినా ఫోన్ చేయండి. "ఇంకా తేలలేదు, 7కి చేస్తాను" అన్నా సరే. చెప్పిన వేళకు మాట నిలబెడితే మధ్యలో వాళ్ళు చేసే ఫోన్లు ఆగిపోతాయి. పేరు ఎవరిదని అడిగితే, "అది తర్వాత చూద్దాం సార్, బాధ్యత నాది" అనండి. ఈ ఒక్క మాట టీమ్ చెవిన పడితే దాని ఫలితం ఏళ్ళ తరబడి ఉంటుంది.

పైవాళ్ళే కేకలేస్తే? వాదించకండి, సంజాయిషీ ఇవ్వకండి. వాళ్ళు ఊపిరి తీసుకునేదాకా రాసుకుంటూ ఉండి, "అర్థమైంది. ఇప్పుడు చేస్తున్నది ఇదీ" అని మూడో వాక్యానికి రండి. ఆ కేకల్ని అలాగే మోసుకొచ్చి టీమ్ మీద కుమ్మరించకండి. ఆ గది నుంచి మీ టీమ్ దాకా నడిచే దూరంలో మూడో మెట్టు మళ్ళీ చేయండి.

మెట్టు 7: నోరు జారితే, అదే రోజు సరిదిద్దండి

ఎంత సాధన చేసినా ఒక్కోరోజు నోరు జారుతుంది. ఈ మెట్టును దాదాపు అందరూ దాటేస్తారు. "వాళ్ళకీ తెలుసులే, టెన్షన్‌లో అన్నానని" అని సర్దిచెప్పుకుంటారు. తెలుసు. అయినా గుర్తుంటుంది.

నలుగురిలో అన్నమాటకు క్షమాపణ నలుగురిలోనే చెప్పాలి. గదిలోకి పిలిచి చెవిలో చెబితే, విన్న మిగతా ముగ్గురి మనసులో మీ మొదటి మాటే మిగిలిపోతుంది. మూడు వాక్యాలు చాలు: "పొద్దున నీ మీద అరిచాను. అది తప్పు. నువ్వు వెంటనే వచ్చి చెప్పడం వల్లే మనకు కొంత సమయం దొరికింది." చివర "కానీ" తగిలించకండి. "కానీ నువ్వు కూడా కొంచెం చూసుకోవాలి కదా" అన్నారంటే పుండు మీద కారం చల్లినట్టే. పనిలో లోపం గురించి మాట్లాడటానికి రేపు ఒక రోజుంది.

నేను ఆ కుర్రాడికి నాలుగు రోజుల తర్వాత, గదిలోకి పిలిచి చెప్పాను. "పర్లేదు సార్" అన్నాడు. తర్వాత రెండు నెలల పాటు ఏ ఫైలు గురించీ నా దగ్గరికి నేరుగా రాలేదు. ఇంకొకరి చేత అడిగించేవాడు. ఆలస్యం చేశాను, అదీ తలుపు మూసి చెప్పాను.

మెట్టు 8: అయిపోయాక

సమస్య తీరిన వెంటనే విచారణ పెట్టకండి. అందరినీ లేచి నీళ్ళు తాగి రమ్మనండి. రాత్రంతా పనిచేసి ఉంటే పగ్గాలు ఇంకొకరికి ఇచ్చి ఇంటికి వెళ్ళండి. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్నవాళ్ళ చురుకుదనం, రక్తంలో 0.05 శాతం ఆల్కహాల్ ఉన్నవాళ్ళ స్థాయికి పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు చూపించారు. ఆ స్థితిలో "ఇంకో గంట నేనే చూస్తాను" అనడం ధైర్యం కిందికి రాదు. అప్పజెప్పేటప్పుడు ఆ మూడు గడుల పేజీ చేతిలో పెట్టండి, అదే చాలు.

ఒకటి రెండు రోజుల్లో, రాసిపెట్టిన సమయాల పట్టీ ముందు పెట్టుకుని అరగంట కూర్చోండి. "ఎవరు చేశారు" బదులు "ఇది జరగడానికి మన పద్ధతిలో ఎక్కడ సందు ఉంది" అని అడగండి. మా విషయంలో సందు స్పష్టంగానే కనబడింది: ఒకే నెలకు రెండో ఫైలు వస్తే వ్యవస్థ అడ్డుకోవాలి, అడ్డుకోవడం లేదు. ఆ అడ్డు పెట్టించాక ఆ తప్పు మళ్ళీ జరగలేదు. మనిషిని తిట్టి ఊరుకుని ఉంటే, ఇంకో మనిషి చేత ఇంకోసారి జరిగేది.

తరచూ చేసే పొరపాట్లు

పళ్ళు బిగించి ముఖాన్ని రాయిలా పెట్టుకోవడం అన్నిటికంటే ఎక్కువగా కనబడేది. అదే నిలకడ అనుకుంటారు. భావాన్ని బయటికి రానివ్వకుండా అణిచిపెట్టేవాళ్ళకు ఆ సమయంలో విన్న విషయాలు తక్కువ గుర్తుంటాయని ప్రయోగాల్లో తేలింది. అణచడానికే బుర్ర ఖర్చయిపోతుంది మరి. పైగా టీమ్‌కు ఆ ముఖం చూస్తే ఇంకా భయం. "నాకూ కంగారుగానే ఉంది, ఒక్కొక్కటిగా చూద్దాం" అని చెప్పేయడం మేలు.

"ఏం కాదులే, అంతా సర్దుకుంటుంది" అనడం ఇంకొకటి. పరిస్థితి ఏమిటో అందరికీ కనబడుతూనే ఉంటుంది. అలా అనేవాళ్ళ తర్వాతి మాటను ఎవరూ నమ్మరు.

మరీ మెత్తబడిపోవడం కూడా పొరపాటే. నిలకడ అంటే గొంతు తగ్గించి బతిమాలడం అనుకుని, నిర్ణయం అందరికీ వదిలేసేవాళ్ళున్నారు. గొంతు మామూలుగా ఉండాలి, చెప్పే పని గట్టిగా ఉండాలి. "ఫైలు ఇప్పుడే ఆపించు" అన్న మాటను అరవకుండా చెప్పవచ్చు, బతిమాలకుండానూ చెప్పవచ్చు.

కంగారులో గ్రూప్‌లో పొడుగు మెసేజ్‌లు రాయడం, రాత్రి పదకొండింటికి వరుసగా ప్రశ్నలు గుప్పించడం. రాసిన మాటకు గొంతు ఉండదు, చదివేవాళ్ళు అన్నిటికంటే చేదు గొంతును ఊహించుకుంటారు. మూడు పంక్తులు దాటితే ఫోన్ చేయండి.

నాలుగో కప్పు కాఫీ. గుండె అప్పటికే పరిగెడుతోంది, దాన్ని ఇంకా తరమడం ఎందుకు? నీళ్ళు తాగండి.

ఫలితం ఎలా చూసుకోవాలి

"నాకు ప్రశాంతంగా అనిపిస్తోంది" అన్నది కొలత కాదు. ఇవి చూడండి.

చెడు కబురు మీకు ఎంత త్వరగా చేరుతోంది? ప్రతి సమస్యకూ రెండు సమయాలు రాసుకోండి: టీమ్‌లో ఎవరికైనా మొదట తెలిసింది ఎప్పుడు, మీకు తెలిసింది ఎప్పుడు. నెల రోజుల్లో ఈ తేడా తగ్గుతూ ఉండాలి. నా మటుకు ఇదే అసలు కొలత. మొదట్లో నాకు ఒక పూట ఆలస్యంగా వచ్చే కబుర్లు, తర్వాత తర్వాత పది నిమిషాల్లో వచ్చేవి.

టీమ్ చెప్పే తప్పుల సంఖ్య మొదట్లో పెరుగుతుంది. కంగారుపడకండి, అది మంచి గుర్తు. హార్వర్డ్ ఆచార్యురాలు ఎమీ ఎడ్మండ్‌సన్ ఆసుపత్రి బృందాల మీద చేసి 1996లో ప్రచురించిన అధ్యయనంలో, బాగా కలిసి పనిచేసే బృందాల్లోనే మందుల పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. కారణం వెతికితే, వాళ్ళు తప్పుల గురించి భయం లేకుండా మాట్లాడుకోగలుగుతున్నారని తేలింది.

"చూపించు" అన్నప్పుడు ఎదుటివాళ్ళు ఏం చేస్తున్నారో గమనించండి. తెర మీవైపు తిప్పుతున్నారా, లేక ముందు సంజాయిషీ మొదలుపెడుతున్నారా? సంజాయిషీతో మొదలైతే, మీ పాత వాక్యం వాళ్ళకు ఇంకా గుర్తుందన్నమాట. విసుక్కోకండి, వాక్యాన్ని కొనసాగించండి.

రెండు వారాలకోసారి ఆ నిజం చెప్పే సహోద్యోగిని ఒక్క ప్రశ్న అడగండి: "ఈమధ్య నా దగ్గరికి రావడానికి ఎవరైనా జంకారా?" జవాబు విని మీ వైపు వాదన వినిపించకండి. రాసుకుని, ధన్యవాదాలు చెప్పి వచ్చేయండి. వాదించారంటే మళ్ళీసారి నిజం రాదు.

ఈ పద్ధతి ఎక్కడ సరిపోదు

రోజూ ఒక అగ్నిప్రమాదం ఆర్పుతున్నారంటే, తప్పు మీ ఊపిరిలో లేదు. పని ఎక్కువ, మనుషులు తక్కువ, లేదా గడువులు అసాధ్యం. ఆ సమయాల పట్టీలు నెల రోజులవి కుప్పగా పెట్టి, పైవాళ్ళకు చూపించి మనుషులనో గడువునో అడగండి. ఫిర్యాదు కంటే ఆ పట్టీ బలంగా మాట్లాడుతుంది.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, పని గుర్తొస్తేనే గుండె దడ వస్తున్నా, ఇంట్లోవాళ్ళ మీద కూడా విరుచుకుపడుతున్నా డాక్టర్‌ను కలవండి. ఛాతీలో నొప్పి, ఎడమ చేయి లాగడం, చెమటలు వస్తే టెన్షన్ అనుకుని ఊపిరి సాధన చేస్తూ కూర్చోకండి, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.

మొదలుపెట్టడానికి పెద్ద సందర్భం కోసం చూడకండి. ఈ రోజు అట్టముక్క మీద మీ వాక్యం రాయండి. రేపు ఎవరైనా చిన్న ఇబ్బందితో మీ టేబుల్ దగ్గరికి వచ్చినప్పుడు, వాళ్ళ ముఖం కంటే ముందు వాళ్ళ చేతిలో ఉన్నదాన్ని చూడండి.